చెంబుడొక్కటే పోయవే

బహుళ విదియ

ఈ కాగితాలు కొండమీది విశ్వవిద్యాలయం వాళ్లిచ్చారు. వేపనూనె పట్టించినవి కనక వానలు దిగేదాకా ఉంటాయట. ఆ తర్వాత మామూలే, బూజుకి ఫలహారం. "ఏ రోజు జరిగింది ఆ రోజు రాయండి కూర్మావతి గారూ, వానలకి ముందే సభలో చదివించుకుంటాం" అని కిందటి నెల షమీమ్ మేడమ్ నా చేతిలో పెట్టింది. హార్మోనియం వాయించుకునే దాన్ని, నాకెందుకీ రాత అన్నాను. ఒప్పందంలో ఉందంది. ఆ ఒప్పందాన్ని బూజు ఎప్పుడో తినేసింది. అందులో ఏముందంటే వాళ్లు చెప్పిందే వేదం.

పొద్దున్నే హార్మోనియం విప్పి తిత్తికి వేపనూనె రాసి ఎండలో పెట్టాను. ఒక్క పూట బద్ధకించామా, అంచుల్లోంచి తెల్లగా మొదలవుతుంది. మా అమ్మమ్మ చిన్నప్పుడు చెత్త తినడానికని ఎవరో మహానుభావులు పెంచారట ఈ బూజుని. చెత్త అయిపోయాక పుస్తకాలు తింది, యంత్రాల్లో దాచుకున్నదంతా తింది, తాటాకుల్ని కూడా వదల్లేదు. మిగిలింది మనిషి తలకాయ ఒక్కటే. అందుకే విశ్వవిద్యాలయానికి మా నూకాంబికా నాట్యమండలితో పని పడింది. సంగతి తెలిసింది వాళ్లకి, జనానికి గుర్తుండేలా చెప్పడం తెలిసింది మాకు. వాళ్లు విషయం చెబుతారు, వాళ్లూ మేమూ కలిసి కూర్చుని పద్యాలు కడతాం, మేం ఊరూరా ఆడతాం.

ఇప్పుడు ఆడుతున్నది 'తీపిపాచి కల్యాణం'. సముద్రం పైకొచ్చి బావులన్నీ ఉప్పబారిపోయాక ఊరికో నీటి తొట్టి మిగిలింది. అందులో ఉప్పుని తినే పచ్చటి పాచి ఉంటుంది. అది బతికుంటేనే తాగునీళ్లు. అమావాస్యకి అమావాస్యకి దానికి బూడిదనీళ్లు మేతగా పొయ్యాలి. ఎంత పొయ్యాలో, ముందేం చెయ్యాలో, తర్వాతేం చెయ్యాలో అంతా ఆటలో ఉంటుంది.

మధ్యాహ్నం పడవవాడొకడు గుల్లపేట నుంచి కబురు తెచ్చాడు. గుల్లపేట మా చెల్లెలు నాగరత్నం అత్తారూరు. పోయిన అమావాస్యకి ముందే అక్కడ ఆడి వచ్చాం. "నీళ్లు సేదెక్కిపోయాయంట. మీ సెల్లి కూతురికి వాంతులంట. బేగి రమ్మంది" అన్నాడు.

చేదేమిటి? ఆట అంత బాగా ఆడి వచ్చామే!

బహుళ తదియ

షమీమ్ మేడమ్ కొండ దిగి వచ్చింది. చంకలో గాజు సీసాల సంచి, వీపున గాలిపెట్టె. ఆ పెట్టె మాటని దాచుకోలేదు గాని ఇక్కణ్నుంచి కొండకీ, కొండనుంచి ఇక్కడికీ మోసుకెళ్తుంది. తీరంలో ఊళ్ల పెట్టెలన్నీ బూజు నోట్లోకి పోయాయి. ఈవిడ దీన్ని పసిపిల్లలా వేపాకుల్లో చుట్టి మోస్తుంది.

వచ్చీరాగానే చల్లగా చెప్పింది. "గుల్లపేట ఒక్కటే కాదండీ. మీరు ఆడిన ఊళ్లలో ఇంకో మూడింట్లో నీళ్లు చేదెక్కాయి. పాచికి మేత ఎక్కువైతే అలా అవుతుంది. లోకనాథం గారు పద్యంలో మాట ఏమైనా మారుస్తున్నారా?"

నాకు ఒళ్లు మండింది. బల్లెడ లోకనాథం మా మండలి పెద్ద, సాగరరాజు వేషం ఆయనదే. నలభై ఏళ్లుగా రంగస్థలం మీద ఉన్న మనిషి. ఆయన పక్కనే కూర్చుని చుట్ట కాల్చుకుంటున్నాడు. చుట్ట కింద పెట్టి, గొంతు సవరించుకుని, అక్కడికక్కడే ఎత్తుకున్నాడు:

"చెంబుడొక్కటే పోయవే చెలియ! నీవు
పాచితల్లికి నాకలి బాయునట్లు..."

షమీమ్ కళ్లు మూసుకుని విన్నది. ఆ పద్యం రాసింది ఆవిడే. అంత ముఖ్యమైన మాట జనం నోట్లో నిలిచిపోవాలని వారం రోజులు తన్నుకులాడి రాసింది. మంచి రాగం పడాలని మోహనలో కట్టింది నేను. లోకనాథం పాడితే పొలంలో పశువు కూడా మోర ఎత్తుతుంది.

"ఏటమ్మా, ఏ అక్షరం మార్చీసినాను? సెప్పు" అన్నాడు.

"ఏదీ మార్చలేదు" అంది ఆవిడ. తప్పు దొరికితే బాగుండునన్నట్టు ఉంది మొహం. నాకూ అలాగే ఉంది, పైకి అనలేదు గాని.

బహుళ పంచమి

ఊళ్లు తిరుగుతున్నాం. ఆట లేదు, నీళ్లు రుచి చూడడమే పని. నా జన్మలో ఇన్ని ఊళ్ల నీళ్లు తాగలేదు. కడుపు తొట్టిలా అయింది.

నడిమివలసలో నీళ్లు చక్కెర. అక్కడ ఆడిన రోజు లోకనాథానికి జలుబు, నా హార్మోనియంలో ఒక మెట్టు బిగుసుకుపోయింది. జనం సగంలో లేచిపోయారు. పల్లిపాలెంలో ఆట అదిరిపోయింది, పూలదండలు వేశారు. నీళ్లు చేదు.

దారిలో షమీమ్ ఆగి నిలబడింది. "నాకొకటి తోస్తోంది, కోపం తెచ్చుకోకండి. మీరు బాగా ఆడిన చోటే నీళ్లు పాడవుతున్నాయి."

"కోపం రాక ఇంకేం వస్తుంది? అయితే చెడగొట్టి ఆడమంటారా? మీ కొండ మీద పాఠం చెబితే విద్యార్థులు నిద్రపోతారని మమ్మల్ని పిలిచారు కదా! ఇప్పుడు నిద్రపోకపోవడం తప్పయిందా?" అని గట్టిగానే అరిచాను. పొలంలో ఆడవాళ్లు తలెత్తి చూశారు.

"కారణం నాకూ తెలీదు" అంది. "తెలిస్తే మీతో ఎందుకు పోట్లాడతాను?"

కోపం తగ్గాక చూస్తే ఆవిడ చెప్పులు తెగిపోయి ఉన్నాయి. నా దగ్గరున్న పాత జత ఇచ్చాను. పెద్దవైనా వేసుకుంది.

బహుళ సప్తమి

తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

రాళ్లపేట తొట్టి దగ్గర పోలమ్మ అనే ఆవిడ మేత పోసే ఆడవాళ్లకి పెద్ద. షమీమ్ సీసా ముంచుతుంటే నడుం మీద చెయ్యేసుకుని, "మేమేటి తప్పు సెయ్యలేదమ్మా. మీరు ఆడినట్టే సేసినాం. సూపించమంటే సూపిత్తాం" అంది. చూపించమన్నాం. అమావాస్య కాదు కనక ఖాళీ చెంబే తీసుకుంది. ఇంకో నలుగురు ఆడవాళ్లు వెనక వరసగా నిలబడ్డారు.

ఏం చెప్పను! అచ్చం లోకనాథమే. కుడికాలు ముందుకేసి, తల కాస్త వాల్చి, తొట్టిలో పొడుగాటి కర్రతో కలిపింది. చెంబెత్తింది. మేత పద్యం మొత్తం పాడింది, నేను వేసే సంగతులతో సహా. చెంబు వంచింది. వంచి, తలెత్తి, అలా నవ్వుతూ నిలబడిపోయింది. ఎందుకు ఆగిందా అనుకునేలోగా వెనక ఉన్న ఆడవాళ్లు నలుగురూ గొంతు కలిపి,

"వన్స్ మోర్!"

పోలమ్మ దణ్ణం పెట్టి, చెంబు మళ్లీ ముంచి, పద్యం మళ్లీ ఎత్తుకుని, మళ్లీ వంచింది.

నాకు నవ్వాగలేదు. కడుపు పట్టుకుని నవ్వాను. పక్కకి చూస్తే షమీమ్ తొట్టి గట్టు మీద కూలబడి ఉంది. అప్పుడు వెలిగింది.

మా ఆటల్లో పద్యం బాగుంటే జనం వన్స్ మోర్ అంటారు, పాడినవాడు మళ్లీ పాడతాడు. ఇది మా తాతల కాలం నుంచి ఉన్నదే. అయితే ఈ ఆటలో పద్యం పాడుతూ సాగరరాజు చెంబు కూడా వంచుతాడు. రెండోసారి పాడితే రెండోసారి వంచుతాడు. చూసినవాళ్లు చూసినట్టే చేశారు.

చెయ్యక ఏం చేస్తారు? అలా చెయ్యమని నేర్పింది మేమే కదా. బూజు మొదలైన కొత్తలో ఎవడు పడితే వాడు ఏదో ఒకటి చెప్పి జనాల ప్రాణాల మీదికి తెచ్చారు. అందుకని విశ్వవిద్యాలయం, మా మండలి కలిసి ఒక కట్టు పెట్టాయి. ఆడినదే చెయ్యాలి, నోటిమాట నమ్మకూడదు, ఒక్క పని పెంచకూడదు, ఒక్క పని తగ్గించకూడదు. ఊరూరా చాటింపు వేసి మరీ నేర్పాం. ఎంత బుద్ధిగా నేర్చుకున్నారు తల్లులు!

సాయంత్రం లోకనాథానికి చెబితే మొదట మొహం ఇంతయింది. "నా నిలబడ్డం, తలొంచడం కూడా గురుతెట్టీసుకున్నారా!" అని మురిసిపోయాడు. ఆ తర్వాత నెమ్మదిగా మొహం వాడిపోయింది. "గుల్లపేటలో ఎన్నిసార్లు అడిగారు, కూర్మమ్మా?" అన్నాడు.

గుల్లపేటలో రెండుసార్లు అడిగారు. చెల్లెలి అత్తారూరని నేనూ వేళ్లు ఆడించాను. అంటే అక్కడ మూడు చెంబులు పడ్డాయి.

బహుళ అష్టమి

షమీమ్ పొద్దున్న గాలిపెట్టెలో కొండతో మాట్లాడింది. నేను పక్కనే కూర్చుని విన్నాను. మిగతా ఊళ్లలో రెండేసి చెంబులు పడ్డాయి కనక పాచి ఇంకో నెల తట్టుకుంటుందట. గుల్లపేటలో ఇంకోసారి మూడు పడితే పాచి తెల్లబడి చచ్చిపోతుంది. కొత్త విత్తు కొండ మీద లేదు, ఎక్కడా లేదు. నీళ్లు లేకపోతే ఊరు లేచిపోవాల్సిందే. లేచి ఎక్కడికి పోతారు? చుట్టూ ఏ తొట్టీ తన ఊరికి తప్ప ఇంకో ఊరికి చాలదు.

కొండమీది పెద్దాయన గొంతు గరగరమంటూ వచ్చింది. "ఆటలన్నీ ఆపించండి. వన్స్ మోర్ అనే అలవాటు గురించి మండలి మాకు చెప్పి ఉండాల్సింది."

లోకనాథం పెట్టె లాక్కున్నంత పని చేశాడు. "మాకేటి తెలుసయ్యా, మీరు మేత పద్యంలో పెట్టమన్నారు, పెట్టినాం. పాచికి ఎక్కువైతే సచ్చిపోద్దని మీరు సెప్పినారా? పద్యానికి వన్స్ మోర్ పడదని ఎవడనుకుంటాడు!"

నువ్వంటే నువ్వు అనుకున్నారు కాసేపు. చివరికి పెద్దాయన, పాటలూ పద్యాలూ లేకుండా చాటింపువాళ్లని పంపిస్తామన్నాడు. ఎప్పుడు? ముందు ఆడినదే చెయ్యాలన్న కట్టు మార్చి, సభ పెట్టి, ఒప్పించుకుని, వచ్చే పున్నానికి. ఈలోగా అమావాస్య వచ్చి పోతుంది.

షమీమ్ పెట్టె కట్టేసింది. "నేను గుల్లపేట వెళ్తున్నాను" అంది, ఎవరినీ అడగకుండా.

"మీరొక్కరూ వెళ్లి ఏం చెబుతారు? నోటిమాట నమ్మొద్దని మనమే కదా చెప్పాం" అన్నాను.

అందుకే ముగ్గురం పడవ మాట్లాడుకున్నాం. మిగతా వేషగాళ్లు వెనక పడవలో వస్తామన్నారు.

బహుళ దశమి

పడవలో రోజంతా పోట్లాటే. నీళ్లు, ఎండ, ఈ ఇద్దరూ. పిచ్చెక్కుతోంది.

ఆట మార్చి కట్టాలి. షమీమ్ ఆలోచన ఇది. తొట్టిని కర్రతో ఎంతసేపు కలిపినా నష్టం లేదు, లాభమే. కనక మంచి పద్యం, మంచి రాగం అక్కడ పెట్టాలి. వన్స్ మోర్లు ఎన్ని కావాలంటే అన్ని అక్కడ పడనీ. మేత దగ్గర మాత్రం పద్యం ఉండకూడదు, రాగం ఉండకూడదు. ఒక్క చెంబు పోశాను, చెంబు బోర్లించాను అని వచనంలో చప్పగా చెప్పెయ్యాలి. మళ్లీ వినాలని ఎవరికీ అనిపించనంత చప్పగా.

"ఆ పద్యం మీరు రాసిందే" అన్నాను.

"నేను రాసిందే. అందుకే తీసెయ్యమంటున్నాను" అంది. కాసేపటికి అటు తిరిగి ముక్కు తుడుచుకుంది.

లోకనాథం మాత్రం ఒప్పుకోడు. "సాగరరాజు నోటంట వచనమా? అదీ ఆట పట్టులో? జనం నా మొహం మీద ఉమ్మీరా?"

"మావా, మా చెల్లి కూతురు వాంతులు చేసుకుంటోంది" అన్నాను.

"నాకు తెల్దా?" అని గట్టిగా అరిచాడు. తర్వాత గొంతు దిగిపోయింది. "వన్స్ మోర్ అంటే నీకేటి తెలుసు కూర్మమ్మా. నువ్వు కిందన కూకుంటావు. పైన నిలబడినోడికి తెలస్తాది. ఇంటికాడ నన్నెవుడు రెండోమాటు పిలిచినాడు? పెళ్లాం పోయింది. పిల్లల్లేరు. ఆ ఒక్క కేకే నన్ను మళ్లీ రమ్మంటాది."

తెడ్డు చప్పుడు వింటూ కూర్చున్నాం. కలిపే పని మీద కొత్త పద్యం షమీమ్ అక్కడే కట్టడం మొదలెట్టింది. పాపం లోకనాథమే మధ్యలో ఒక మాట అందించాడు. వచనం సంగతి మాత్రం ఎత్తలేదు.

బహుళ త్రయోదశి

గుల్లపేట చేరాం. రేవులో దిగగానే వాసన కొట్టింది, తడిసిన బట్ట మూటలో మాగినట్టు.

నాగరత్నం కూతురు పేరు మంగవేణి. ఆ చిన్నదానికి ఎప్పుడూ కాళ్లు నేల మీద నిలవవు. ఇప్పుడు చాప మీద గుడ్డపేలికలా పడుంది. కళ్లు లోపలికి పోయాయి. "పెద్దమ్మా" అంది, అంతే. షమీమ్ తను తెచ్చిన మంచినీళ్లు దానికి చెంచాతో పట్టింది. ఊళ్లో ఇంకా చాలామంది పిల్లలు ఇలాగే ఉన్నారట. పెద్దవాళ్లు చేదుని ఓర్చుకుని తాగుతున్నారు.

చెల్లెల్ని పక్కకి తీసుకెళ్లి చెప్పాను. "నాగా, ఎల్లుండి ఒక్క చెంబే పొయ్యండే. మూడు కాదు."

దాని మొహం గట్టిపడిపోయింది. "అప్పా, నువ్వేటి మాటాడతన్నావు? ఒక్క మెతుకు తగ్గించకుండా ఆడినట్టే సేసినాం. అయినా సేదెక్కిందంటే మాలో ఎవుల్దో మనసు సరిగ్గా లేదు. ఈమాటు ఇంకా నిష్ఠగా సేత్తాం."

"ఇది నేనే చెబుతున్నాను కదే. నీ అప్పని."

"నువ్వే సెప్తన్నావు. నోటితో సెప్తన్నావు" అంది. ఏడుపు ఆపుకుంటూ అంది. "మా మావగారు ఎలగ పోనారో మరిసిపోనావేటి? ఎవుడో సెప్పిన మందు తాగి పోనారు. నోటిమాట నమ్మొద్దని మీరే కదా ఊరంతా తిరిగి సెప్పినారు. నిజమైతే ఆట ఆడండి. ఆడితే సేత్తాం. నా కూతురు కదా అప్పా, తప్పు సెయ్యమంటే నానెలగ సేత్తాను?"

కొట్టాలనిపించింది. కౌగిలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పింది.

లోకనాథం గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. లోపలికి వచ్చి మంగవేణి పక్కన కూర్చున్నాడు. అది కళ్లు తెరిచి, "సాగరరాజు" అని గుర్తుపట్టింది. ఆయన దాని అరికాలు చేత్తో రుద్దుతూ చాలాసేపు కూర్చున్నాడు. లేచేటప్పుడు షమీమ్‌తో, "ఆ వచనం ఏటో సెప్పమ్మా, కంఠతా పడతాను" అన్నాడు.

అమావాస్య

ఆట మధ్యాహ్నం తొట్టి పక్కనే కట్టాం. అది అవగానే సందెవేళ మేత. ఊరు ఊరంతా వచ్చింది. లేవలేని పిల్లల్ని కూడా ఎత్తుకొచ్చారు. ముందు వరసలో నాగరత్నం, ఒళ్లో మంగవేణి. పక్కనే సందెవేళకని మేత కుండ, చెంబు, కర్ర సిద్ధంగా ఉన్నాయి. నా చేతులు మాటిమాటికీ పమిటకి తుడుచుకున్నాను.

కలిపే పద్యం లోకనాథం ఎత్తుకోగానే జనం ఊగిపోయారు. ఒక వన్స్ మోర్, ఇంకో వన్స్ మోర్. ఆయన కర్ర తిప్పుతూ తిప్పుతూ పాడాడు. ఎన్ని అడిగితే అన్ని. హమ్మయ్య అనుకున్నాను. తడికె పక్కన షమీమ్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

తర్వాత ఆటలో వాడే ఖాళీ చెంబు తీశాడు. జనం సర్దుకుని కూర్చున్నారు. పద్యం వస్తుందని అందరికీ తెలుసు. ఆయన చెంబు ముంచి, వంచి, సంతలో కందిపప్పు ధర చెప్పినట్టు, "ఒక్క చెంబు పోసినాను. చెంబు బోర్లించినాను" అన్నాడు.

జనం ఇంకా పద్యం కోసమే చూస్తున్నారు.

"పద్యమేదీ?" అన్నాడు వెనకనుంచి ఎవడో. "మేత పద్యం మరిసిపోనాడ్రా!" "లోకనాథం బావూ, పద్యం! పద్యం!" ఆ తర్వాత అందరూ ఒక్కసారే అందుకున్నారు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు కూడా. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

ఈ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను. ఆ కేక వినగానే నా ఎడమ చెయ్యి తిత్తి నొక్కింది, కుడి చెయ్యి శ్రుతి పట్టింది. నేను పట్టలేదు. చేతులు పట్టాయి. ఇన్నేళ్లుగా ఆ కేక పడిన మరుక్షణం చేస్తున్న పని. మోహన రాగం వాకిట్లో నిలబడి పిలిచినట్టు శ్రుతి మోగింది.

లోకనాథం మొహం చూశాను. కళ్లు వెలిగిపోయాయి, ఛాతీ నిండింది. శ్రుతి వినబడ్డాక ఆయన్ని ఆపగలిగిన దేవుడు లేడు. చెయ్యి చెంబు మీదికి వెళ్లింది. "చెం..." అనడానికి పెదవులు కలిశాయి కూడా.

నేను తిత్తి అంచు రెండు చేతులతోనూ పట్టుకుని ఒక్క లాగు లాగాను. పాత తోలు, నిలువునా చీలిపోయింది. ఊపిరి పోయినట్టు బుస్సుమంది, అంతే, శ్రుతి లేదు.

ఆయన నా వైపు చూశాడు. తిత్తి వైపు చూశాడు. ముందు వరసలో మంగవేణిని చూశాడేమో, నాకు తెలీదు. నెమ్మదిగా పెదవులు మూసుకుని, బోర్లించిన చెంబుని అందరికీ కనబడేలా పైకెత్తి మళ్లీ అలాగే బోర్లించి, "అయిపోనాది. ఇంకేటీ లేదు" అన్నాడు. ఎవరికీ దణ్ణం పెట్టలేదు. తల వేలాడేసుకుని తడికె వెనక్కి నడిచాడు.

జనం ఊరుకోలేదు. ఈలలు, బూతులు. "ముసిలోడైపోనాడు!" "డొక్కు ఆట!" అని మగాళ్లు గుప్పెళ్లతో ఇసుక తీసి ఆయన వీపు మీద విసిరారు. ఆయన వెనక్కి తిరగలేదు. లేచి నాలుగు తిట్లు తిట్టబోయాను. షమీమ్ నా భుజం గట్టిగా పట్టుకుంది.

సందెవేళ ఆడవాళ్లు తొట్టి చుట్టూ చేరారు. చెంబు నాగరత్నం చేతిలో ఉంది. కలిపే పద్యం పాడింది, కర్ర తిప్పింది. వెనకవాళ్లు వన్స్ మోర్ అన్నప్పుడల్లా మళ్లీ తిప్పింది. తర్వాత చెంబు ముంచి వంచింది. పద్యం లేదు. సంతలో ధర చెప్పినట్టు, "ఒక్క చెంబు పోసినాను. చెంబు బోర్లించినాను" అంది. వెనకున్నవాళ్లు వన్స్ మోర్ అని అరిచారు. అది చెంబు పైకెత్తి చూపించి, మళ్లీ బోర్లించి, "అయిపోనాది. ఇంకేటీ లేదు" అంది. ఎవరికీ దణ్ణం పెట్టకుండా, తల వేలాడేసుకుని ఇంటివైపు నడిచింది. వెనకనుంచి మగాళ్లు గుప్పెళ్లతో ఇసుక తీసి దాని వీపు మీద విసిరారు.

ఒక్క పని పెంచలేదు, ఒక్క పని తగ్గించలేదు. షమీమ్ నా భుజం మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

శుద్ధ చవితి

తొట్టిలో పాచి మళ్లీ పచ్చబడుతోంది. నీళ్లలో చేదు ఇంకా కాస్త ఉంది గాని వాసన పోయింది. మంగవేణి ఈ పూట గంజి తాగి, ఇంకొంచెం పొయ్యమని పేచీ పెట్టింది. నాగరత్నం ఆ పేచీ వింటూ గోడకి ఆనుకుని అలా నిలబడిపోయింది.

షమీమ్ కొండకి కబురు చెప్పింది. ఈ కొత్త ఆటే మిగతా ఊళ్లకీ పోవాలని, చాటింపువాళ్లు వద్దని గట్టిగా చెప్పింది. పెద్దాయన ఆట ఎలా జరిగిందని అడిగాడు. "చాలా చెత్తగా జరిగిందండీ" అంది ఆవిడ. ఆయనకి అర్థం కాలేదు, మళ్లీ అడిగాడు.

సభవారు ఇది విని ఒక ఉపాయం చెప్పాలి. లోకనాథం ఆ రోజు నుంచి వేషం పెట్టె తెరవలేదు. రేవులో కూర్చుని ఉంటున్నాడు. ఊళ్లోవాళ్లు పక్కనుంచే పోతూ మొహం తిప్పుకుంటున్నారు. సందెవేళ ఆడవాళ్లు తొట్టి దగ్గర ఏం చేశారో ఆయన చూడలేదు, తడికె వెనక మొహం కడుక్కుంటున్నాడు. ఈ ఊళ్లో ఇక ప్రతి అమావాస్యకీ ఆయన మొహమే పెట్టుకుని ఒక ఆడమనిషి చెంబు బోర్లిస్తుంది, ఆమె మీద ఇసుక పడుతుంది. మంగవేణి పెద్దదయ్యాక దాని మీదా పడుతుంది. అలా పడినన్నాళ్లూ గుల్లపేటలో నీళ్లు తియ్యగా ఉంటాయి. ఇది ఆయనకి చెప్పాలని రెండుసార్లు రేవు దాకా వెళ్లాను. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలెట్టాలో తెలియక తిరిగి వచ్చేశాను.